ఆషాఢంలో తనిఖీ: చాట్రాయి నుంచి తమ్మిలేరు అవతలికి

ఇంట్లో ఉండలేక అడిగి వేయించుకున్న టూరు ఇది. ఎనభైల మధ్యలో మాట. నా భార్య పోయి అప్పటికి ఆర్నెల్లు. సంక్షేమ పథకాలు ఎలా నడుస్తున్నాయో ఊళ్ళు తిరిగి చూసి హైదరాబాదుకు నివేదిక రాయడం నా ఉద్యోగం. వికలాంగుల్ని పెళ్ళాడినవాళ్ళకి సాయం చేసే పథకం ఒకటి ఉండేది. పెళ్ళికి కొంత డబ్బు ఇచ్చేవారు. మొదటి ఏడాది తనిఖీలో ఇద్దరూ ఒకే కప్పు కింద కనబడితే భార్యకి కుట్టుమిషను. కనబడకపోతే లేదు. డబ్బు తీసుకుని వదిలేసేవాళ్ళు ఉంటారని ఆ షరతు. నూజివీడు వైపు ఎవరూ వెళ్ళనంటే నేను వెళ్తానన్నాను.

బెజవాడలో తెల్లవారుజామున బస్సెక్కితే ఆగిరిపల్లి మీదుగా గంటన్నరలో నూజివీడు. అప్పట్లో టిక్కెట్టు అయిదు రూపాయల లోపే. చాట్రాయి బస్సుకి ఇంకో గంట ఉందన్నారు. స్టాండులో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే ఆలోచనలు. ఇడ్లీలమ్మే ఆవిడ చూసి చూసి, "కూర్చుని తినండి బాబూ, ఇడ్లీ ఎక్కడికీ పారిపోదు" అంది. నిలబడే తిన్నాను.

చాట్రాయిలో దిగి రెండు మైళ్ళు నడిస్తే, నా జాబితాలో ఉన్న వెంకన్న పనిచేసే మామిడితోట. రసాలు అయిపోయాయి, ఆఖరి కాయ దింపుతున్నారు. చిక్కం కట్టిన గడ పక్కన పెట్టి వచ్చాడు. భార్య నాగమణికి పోలియో, కుడికాలు సరిగా పనిచెయ్యదు. ఆమె ఏదని అడిగాను.

"పుట్టింటికెళ్ళిందండీ."

పెన్ను మూత తీశాను. అతను అది చూశాడు.

"వదిలెయ్యలేదండీ! ఆషాఢం కదండీ."

కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. తనిఖీలకి ఆ నెలే పెట్టిన మా ఆఫీసుకి గానీ, బయలుదేరిన నాకు గానీ ఇది తట్టలేదు. మా ఇంట్లో మాసాలూ తిథులూ చూసేది నా భార్యే. అయితే ఆషాఢమని ఎవరైనా చెప్పొచ్చు. వదిలేసినవాడూ అదే చెప్తాడు. "పద, చూద్దాం" అన్నాను.

నాగమణి ఊరు చింతలపూడి రోడ్డులో, తమ్మిలేరు దాటాక. బస్సు మధ్యాహ్నం దాకా లేదు. కాయల ట్రాక్టరు ఆపాం. "కలెక్టరాఫీసు వాళ్ళా? ఎనకాల తొట్టి నిండా కలెక్టర్లే, సర్దుకు కూర్చోండి" అన్నాడు డ్రైవరు. తోతాపురిని అక్కడ కలెక్టర్ కాయ అంటారు. ఇద్దరికీ కలిపి రెండు రూపాయలు తీసుకున్నాడు.

ఊరి మొదట్లో వెంకన్న ఆగిపోయాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. నాగమణి తల్లి గుమ్మంలో నిలబడి సంగతంతా విని, "సర్కారుకి ఆషాఢం లేదా బాబూ?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "శ్రావణంలో తీసుకుపోతాడో లేదోనని నాకూ భయంగానే ఉందండీ. మిషనన్నా వస్తే దాని బతుకు అది బతుకుద్ది. కానీ గడప మాత్రం తొక్కనివ్వను."

లోపల్నుంచి నాగమణి కర్ర పట్టుకుని వచ్చింది. "తోటకి గడప ఎక్కడుందే అమ్మా?" అంటూ మెట్టు దిగింది.

ఊరి మొదట్లో, వెంకన్న ఆగినచోటికి దగ్గర్లోనే, ఒక తోటలో కాపలా పాక. ఆమె వెనక నెమ్మదిగా నడిచాను. వెంకన్నని కేకేసి పిలిచాను. అప్పుడే జల్లు మొదలైతే ముగ్గురం తాటాకుల కిందకి దూరాం. అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"ఆ చొక్కా ఏంటి మావా? గుండీలేవి? ఆఫీసరుగారి ముందుకి ఇలాగేనా రావడం?"

"నువ్వు లేవు కదా."

"నేను లేకపోతే చేతులు కూడా లేవా? అన్నం తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

వెంకన్న నావైపు చూశాడు.

"మామిడిపళ్ళు తిని ఉంటావు. సెగగడ్డలు లేస్తే నా దగ్గరకి రాకు. వంగు, ఆ తల చూడు ఎలా తడిసిందో!" చెంగుతో తల గట్టిగా తుడిచింది. అతను వంగి నిలబడ్డాడు, హాయిగా.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వాన తగ్గేదాకా ఆ పాకలోనే కూర్చున్నాను.

ఒకే కప్పు కింద చూశానని రాశాను. తాటాకు కప్పని రాయలేదు. కాపురం ఉందో లేదో తేల్చడానికి మా దగ్గర రెండు పేజీల ప్రశ్నలుండేవి. చొక్కా గుండీల ప్రశ్న వాటిలో లేదు. అలాంటి గొంతు విని నాకు ఆర్నెల్లయింది. బెజవాడ బస్సులో ఆ రాత్రి నిద్రపట్టింది.

మామిడి కోసమైతే ఆ వైపు మే నెలలో వెళ్ళండి, తొలకరి తర్వాత రసాల్లో పురుగు ఉంటుంది. కొత్త దంపతుల్ని చూడ్డానికైతే శ్రావణం వచ్చాక వెళ్ళండి.