బొమ్మకు లేని వీపు

మా వదినకు ఏదీ తేల్చుకోవడం చేతకాదు. పగలంతా కుట్టు దుకాణంలో బస్సు డ్రైవర్ల ఖాకీ చొక్కాలు కుడుతుంది. వాటికి కొలతలుంటాయి కాబట్టి బతికిపోయింది. ఇంటికొచ్చి పాత చిత్రాల్లోని మనుషుల బట్టలు చేత్తో కుడుతుంది. గొడవంతా అక్కడే. ఆ బట్టలు ఆమెకే వేసి, కిటికీ పక్కన నిలబెట్టి ఫోటోలు తీసేది ఆడపడుచునైన నేను. ముందు నుంచే తీస్తాను. వెనకంతా పిన్నీసులు, పాత దుప్పటి ముక్కలు. కదిలితే గుచ్చుకుంటాయి. ఫోటోల్లో ఆమె ముఖంలో కనిపించే గాంభీర్యం అదే. చిత్రకారుడు ముందు వైపే గీశాడు మరి, వెనక ఏముందో ఎవరికి తెలుసు?

నేను నెట్‌లో పెట్టిన ఒక ఫోటో చూసి మ్యూజియం అధికారి ఇంటికొచ్చాడు. అందులో వదిన వేసుకున్నది దీపం పట్టుకున్న స్త్రీ బట్టలు; ఆ చిత్రం వాళ్ళ దగ్గరే ఉందట. అదే హాల్లో, మధ్యలో, అద్దాల పెట్టెలో వదిన కుట్టిన ఆకుపచ్చ దుస్తులు పెడతానన్నాడు.

"నాలుగు వైపుల నుంచీ చూడొచ్చమ్మా," అన్నాడు సంబరంగా.

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇక ఇంట్లో మనశ్శాంతి కరువైంది. చిత్రంలో ఎడమ భుజం మీదుగా ఒక కొంగు వెనక్కి వెళ్తుంది. కుడి నడుము దగ్గర రెండు కొసలు బయటికొస్తాయి. ఒకటి వెళ్ళి రెండెలా అయింది? వెనక ముడి ఉందా, చీలిక ఉందా? వదిన కట్టింది, విప్పింది, తల పట్టుక్కూర్చుంది.

"జిప్పు పెట్టెయ్," అన్నాడు అన్నయ్య. ఆ పూట ఆయన ముందు కంచం పెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

"నీకు తోచింది కుట్టెయ్ వదినా, అడిగేదెవరు?" అన్నాను ఒళ్ళు మండి.

"అదేనే నా భయం. ఇన్నేళ్ళూ చూసి కుట్టాను. చూడకుండా కుడితే తప్పో ఒప్పో చెప్పేవాళ్ళెవరు?"

ఆమె అయోమయం నాకూ అంటుకుంది.

చివరికి కొంగును వీపు మీద నిలువునా చీల్చి, జడలా అల్లి, రెండు కొసలూ నడుము వైపు వదిలింది. అలాగే ఉండేదో లేదో తెలియదు గానీ, నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను.

తీరా మ్యూజియంకి వెళ్తే అద్దాల పెట్టె గోడకు ఆనించి ఉంది. మధ్యలో పెడితే దారికి అడ్డమట.

"ముందు వైపు చక్కగా కనిపిస్తుందిలెండి," అన్నాడు అధికారి.

నా ప్రాణం ఉసూరుమంది. వదిన మాత్రం హమ్మయ్య అనుకుంటుందనుకున్నాను. ఆమె ఎదురు గోడ మీది చిత్రాన్ని చూసింది. తర్వాత తన బట్టలు తొడిగిన బొమ్మను చూసింది.

"దీన్ని అటు తిప్పండి," అంది.

"ముఖం గోడకా?" నోరు తెరిచాడు అధికారి.

"ముందు వైపు ఆయన గీసిపెట్టాడుగా, అక్కడ చూసుకుంటారు. ఈ వీపు నాదండీ."

వాళ్ళు బొమ్మను తిప్పుతుంటే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు చేశానంటావా?"

"ఏమో వదినా," అన్నాను. "నాకు మాత్రం గర్వంగా ఉంది."