మగ్గం మీద పక్క చోటు

నా చిన్నప్పుడు, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, వరంగల్ కొత్తవాడలో మా ఇంటి వసారా నిండా జంపఖానా మగ్గమే ఉండేది. వెడల్పు జంపఖానా ఒక్కరి వల్ల కాదు. మగ్గం ముందుండే చెక్క పలక మీద ఇద్దరు భుజాలు రాసుకుంటూ కూర్చుని చెరో సగం నేయాలి.

మా తాతతో కలిసి నేసే ఒకాయన్ని నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. మాకు నూలిచ్చి నేయించుకునే సేటు చేతి గడియారం దొంగిలించాడని ఆయన్ని ఏడాది జైల్లో పెట్టారు. తీయలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. మా తాతా నమ్మలేదు. విడుదలై వచ్చాక వాడలో ఒక్కరూ ఆయన పక్కన పలక మీద కూర్చోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి మా గడప అవతల నిలబడి, కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు. ఆయన ఇద్దరు పిల్లలకు మా ఇంట్లోనే గంజి. తాత గంజి పోయించాడు గానీ పలక మీద చోటివ్వలేదు.

గుడ్‌ఫ్రైడే నాడు మా చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడటం ఆనవాయితీ. రెండోది, పక్క సిలువ మీది దొంగతో 'నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు' అన్న మాట, ఏటా మా తాతదే. ఆయన చెబుతుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. నాకు మహా గర్వంగా ఉండేది.

చిన్నాయన విడుదలై వచ్చిన ఏడాది తాత లేచి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, చిన్నాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ చాప ఖాళీ.

"ఈ మాట చెప్పేటందుకు నాకు మొఖం లేదు," అన్నాడు తాత. నేరుగా వెళ్ళి చిన్నాయన పక్కన కూర్చున్నాడు. అందరూ మావైపే చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. తాత మీద ఒళ్ళు మండిపోయింది.

తెల్లారి గడప అవతల నిలబడ్డ చిన్నాయన్ని పిలిచి, తాత పలక మీద జరిగి చోటిచ్చాడు. నా నోరు ఊరుకుంటుందా?

"తాతా, నిజంగ తీసిండా?"

"తీసే ఉంటడు బిడ్డా. తీస్తే మాత్రం ఆకలి కాదా?"

రెండేళ్ళకు ఆ గడియారం సేటు అల్లుడి పెట్టెలోనే దొరికింది. చీదరించుకున్న వాళ్ళంతా వరసకట్టి వచ్చారు. తాత కూడా ఆయన చేతులు పట్టుకుని, "నిన్ను నమ్మకపోతి తమ్మీ," అని ఏడ్చాడు.

"దొంగననుకునే గద పెద్దయ్యా, నన్ను పక్కన కూసోబెట్టుకున్నవ్," అన్నాడు చిన్నాయన. "గది చాలు నాకు."

నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఫలానా పిల్ల పెన్ను కొట్టేసిందని క్లాసు క్లాసంతా వేలు చూపిస్తే, ముందు వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చునేదాన్ని. తీసిందా లేదా అన్నది ఆ తరవాత అడిగేదాన్ని.