పిట్ట వైపు గుండు

ఎవరినైనా అనుమానిస్తే డైరీలో ఆ సంగతి విప్పి రాయను. పక్కన ఎర్ర సిరాతో ఒక చుక్క పెడతాను. డెబ్బైల నాటి ఒక డైరీలో వరుసగా పదకొండు రోజులు ఎర్ర చుక్కలున్నాయి. అన్నీ నయాపూల్ వంతెన దగ్గర గడియారాలు బాగుచేసే ఒకాయన మీద పెట్టినవే.

అప్పట్లో నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గది చూసేవాణ్ణి. ఇల్లు చార్మినార్ వెనక గల్లీలో. జుమేరాత్ బజారులో పాత సామాన్ల మధ్య ఒక కుకూ గడియారం దొరికింది. చెక్కతో చేసిన చిన్న ఇల్లు, పైన బుల్లి తలుపు, గంట గంటకూ అందులోంచి వచ్చి కూసే చెక్క పిట్ట, కింద గొలుసులకు వేలాడే రెండు ఇనుప గుండ్లు. ఏ నవాబు దేవిడీ వాళ్లు అమ్ముకున్నారో ఏమో, అది నడవడం లేదు. నేనూ నా భార్యా కలిసి దాన్ని నయాపూల్ తీసుకుపోయాం.

దుకాణం ఆయన వెనక పలక విప్పి చూపించాడు. లోపల రెండు చిన్న గాలి తిత్తులు, రెండు గొట్టాలు. ఒకటి ‘కు’ అంటే రెండోది ‘కూ’ అంటుంది.

“దీని ఊరు జర్మనీ అడవులు సాబ్. మంచు పడితే అక్కడ చేన్ల పని ఉండదు. ఇంట్ల కూసొని చెక్కేటోళ్లు. వేరే గడియారాలు టైము చెప్తయి. ఇది పిలుస్తది. అందుకే మందికి గింత పిచ్చి.”

ఒక గుండు టైము నడుపుతుందట, రెండోది పిట్టను మాత్రమే. పొద్దున్నే గొలుసులు లాగి రెండింటినీ పైకి ఎక్కించాలి. “ముల్లు ఎన్నడూ యెనక్కి తిప్పొద్దు. గంటల లెక్క గడబిడ అయితది. తిప్పితే ముందుకే,” అని మా ఇద్దరికీ చెప్పాడు.

గడియారం బాగై ఇంటికి వచ్చాక నేనొక నియమం పెట్టాను. నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టరాదు. రోజూ ఉదయం ఏడుకు గొలుసులు లాగేవాణ్ణి. మూడు వారాలు పిట్ట ఒక్క కూత తప్పలేదు.

ఒక సాయంత్రం ఎనిమిది కొట్టేవేళ పిట్ట బయటికి వచ్చి, మూడుసార్లు కూసి, నోరు తెరిచి అక్కడే ఆగిపోయింది. మర్నాడూ అంతే. టైము మాత్రం నిమిషం తేడా లేదు. డైరీలో రాసుకున్నాను: “పిట్ట గుండు నేలకు తాకింది. టైము గుండు ఇంకా సగంలోనే ఉంది.” పక్కన మొదటి ఎర్ర చుక్క.

అసలు చక్రం తీసుకుని ఏదో నాసిరకంది వేశాడనుకున్నాను. అనుమానం ఒకసారి మొదలైతే సాక్ష్యాలు వాటంతట అవే పుడతాయి. ఒక్క రోజు పనికి ఎనిమిది రోజులు ఎందుకు ఉంచుకున్నాడు? పలక బిగించేటప్పుడు అటు తిరిగి ఎందుకు కూర్చున్నాడు? “అమ్ముతరా సాబ్?” అని ఎందుకు అడిగాడు? తీసుకుపోయి ఇస్తే దుకాణంలో మూడు రోజులు చక్కగా కూసింది. ఇంటికి తెస్తే మళ్లీ ఎనిమిదికి నోరు తెరిచి నిలబడింది. తన దగ్గర కూసి నా దగ్గర కూయదా? ఆ రోజు రెండు చుక్కలు పెట్టాను.

పదకొండో రోజు ఆఫీసు విడిచాక, గిరాకీ నిండుగా ఉన్న వేళ, డైరీ పట్టుకుని పోయి అందరి ముందూ చదివాను.

“చక్రం మార్చిన్రు. ఒప్పుకోరి,” అన్నాను.

పక్కనున్న ఒకాయన బల్ల మీద విప్పడానికి పెట్టిన తన చేతి గడియారం తీసుకున్నాడు. నల్ల డయలు, స్టీలు పట్టీ. “నాది నాకియ్యి భాయ్. మల్లెప్పుడన్న చూద్దాం,” అని వెళ్లిపోయాడు.

దుకాణం ఆయన అతను పోయిన వైపు కొంచెంసేపు చూసి నా డైరీ అందుకున్నాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చని నాకు తెలియదు.

“టైము గుండు సగంల, పిట్ట గుండు నేల మీద. మీరే రాసిన్రు. అంటే పిట్ట రోజుకు కూసేదానికన్న ఎక్కువ కూసింది సాబ్. మీరు లేనప్పుడు ఎవరో కూయించిన్రు. ఇంట్ల అడుగురి.”

“మా ఇంట్ల ఎవరు ముట్టరు.”

“మా దుకాణంల గూడ ఎవరు దొంగలు లేరు,” అన్నాడు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టాను. ఇప్పుడు అనుమానం ఇంటి వైపు తిరిగింది. రెండు గంటలకు చప్పుడు చేయకుండా తలుపు తోశాను. మధ్య గోడలోని చిన్న తలుపు గుండా వచ్చిన పొరుగింటి ఆడవాళ్లు నలుగురు చాప మీద కూర్చున్నారు. నా భార్య పీట ఎక్కి వేలితో ముల్లు ముందుకు తిప్పుతోంది. ప్రతి గంటకూ ఆగి పిట్టను పూర్తిగా కూయనిస్తోంది. వాళ్లలో ఒక ముసలావిడ నవ్వుతోంది. “మా దేవిడీల గూడ గిట్లనే ఉండె. నవాబు సాబ్ నిద్రపోంగనే మేం తిప్పేటోళ్లం.”

నన్ను చూసి అందరూ కొంగులు సర్దుకుని గోడ తలుపు దాటారు.

“ముట్టొద్దన్న గదా?” అన్నాను.

“మీరు ముట్టొద్దన్నరు. ఆయన యెనక్కి తిప్పొద్దన్నడు. రెండు మాటలు ఎట్ల ఇనాలె? ఒకటి ఇన్న,” అంది పీట దిగుతూ. “ముందుకే పన్నెండు గంటలు తిప్పుకొస్తే టైము ఎక్కడున్నది అక్కడికే వస్తది. మీకు నిమిషం తేడా రాలే గదా?”

రాలేదు. సగం రోజు కూతలు మాత్రం మధ్యాహ్నమే అయిపోయేవి.

“మరి పిట్ట ఆగినప్పుడు చెప్పకపోతివి?”

“మీరు అడిగిన్రా? నయాపూల్ ఆయనను అడగవోయిన్రు.”

ఆ సాయంత్రం అదే వేళకు దుకాణానికి వెళ్లాను. నలుగురు చేరేదాకా ఆగి గట్టిగా చెప్పాను. “తప్పు మా ఇంట్ల ఉండె. ఈయన చక్రం మార్చలే. నేనే ఉత్తగ నింద వేసిన.”

ఆయన కంటి అద్దం తీయలేదు. “నిన్న వాచీ తీసుకపోయినాయన మీకు ఎరుకేనా?”

“లేదు.”

“నాకు గూడ లేదు.” చేతిలోని పని పక్కన పెట్టి, “గడియారం తేరి. పిట్ట గొలుసుకు మూరన్నర కలుపుత, గుండు జల్ది నేలకు తాకది. ఇంట్ల మేకు గూడ గంత పైకి కొట్టుకోరి,” అన్నాడు.

మేకు పైకి కొట్టాను. వంటింటి పీట ఇక ఆ ఎత్తుకు అందదు. తర్వాతి జుమేరాత్ బజారులో ఎత్తు పీట ఒకటి తెచ్చి గడియారం కింద పెట్టాను.

ఎర్ర సిరా చెరగదు. ప్రతి చుక్క పక్కనా నీలం సిరాతో ‘కాదు’ అని రాశాను. చాలా నెలలు నయాపూల్ మీద నడిచేటప్పుడు ఎదురొచ్చే వాళ్ల ముఖాలు కాక మణికట్లు చూసేవాణ్ణి. నల్ల డయలు, స్టీలు పట్టీ. అతను కనబడలేదు.