పెద్దమ్మ ఎదుట ఖాళీ చేతులతో నిలబడకండి

“ఆయన విమానం నడిపే మనిషే.”

“తెలుసు. టోపీ చూశాను.”

“అలాంటాయన చేతికి సూది ఇచ్చి దారం ఎక్కించమంటావా?”

“ఎక్కించాడుగా. అదీ ఒక్క ప్రయత్నంలో. నాకిప్పుడే ఈ విమానం మీద నమ్మకం కుదిరింది.”

“పరువు తీస్తావే నువ్వు.”

“దారం ఎక్కిస్తే పోయే పరువు ఎంతకాలం నిలుస్తుంది లెండి, డాక్టరుగారూ.”

తలుపు అవతల పెద్దమ్మకూ పెదనాన్నకూ ఈ గొడవ సాగుతుంటే ఇవతల నేను నవ్వు ఆపుకుంటూ కూర్చున్నాను. విమానంలో తలుపేమిటని మీకు అనుమానం రావచ్చు. అది అలాంటి విమానం. అందులో మొదటి తరగతి సీటంటే సీటు కాదు, ఒక చిన్న గది. మంచం, బల్ల, దీపం, జరిపితే మూసుకునే తలుపు. ముందువైపు ప్రయాణికుల్ని మర్యాదగా పలకరించి పోదామని వచ్చిన కెప్టెన్ మా పెద్దమ్మ గదిలోకి తొంగిచూసి “సౌకర్యంగా ఉందా అమ్మా” అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

మా పెద్దమ్మకున్నది ఒక్కటే జబ్బు. చక్రాల కుర్చీ గురించి కాదు నేను చెప్పేది. ఎప్పుడో కారు ప్రమాదంలో నడుం విరిగి ఆ కుర్చీ వచ్చింది, అది జబ్బు కిందికి రాదు, ఆవిడ వాహనం. అసలు జబ్బేమిటంటే, ఎదుట మనిషి ఖాళీ చేతులతో కనిపిస్తే ఆవిడకు ఊపిరాడదు. వాడు చుట్టమా, కొత్తవాడా, పోలీసా, పెళ్లికొడుకా అన్న తేడా లేదు. వెంటనే ఏదో ఒక పని చెప్పాలి.

పెదనాన్న పళ్ల డాక్టరు. ఆయన లోపల పళ్లు పీకుతుంటే బయట హాల్లో పెద్దమ్మ రాజ్యం. వచ్చినవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఆవిడకు బఠాణీలు ఒలిచిపెట్టేవాళ్లు, పాత పత్రికలు సర్దేవాళ్లు, ఊలు ఉండలు చుట్టేవాళ్లు. ఒకాయన నొప్పికి దవడ పట్టుకుని మూలుగుతూ వస్తే, “రెండో చెయ్యి ఖాళీయేగా” అంది. పెదనాన్న తలుపు తీసి పేరు పిలిస్తే, “ఉండండి డాక్టరుగారూ, ఇంకో రెండు గుప్పెళ్లే ఉన్నాయి” అన్న రోగిని నేను కళ్లారా చూశాను. వాడు ఏ పన్ను పీకించుకోవడానికి వచ్చాడో వాడికే గుర్తులేదు.

నేను కాలేజీ మధ్యలో మానేసి ఇంటికి వచ్చిన రోజున చుట్టాలంతా హితబోధ చేశారు. పెద్దమ్మ ఒక్కతే చెయ్యలేదు. “చదువు మానేశావు, సరే. ఖాళీగా ఉండటం ఎప్పుడు మానేస్తావు?” అని ఇంటి అటక మీద సామానంతా దింపించింది. సాయంత్రానికి మళ్లీ ఎక్కించింది. ఎందుకు దింపించావని అడిగితే, “ఎక్కించడానికి” అంది.

రెండేళ్ల కిందట పెదనాన్న కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మామూలు మనిషికి చెయ్యి వణికితే చెయ్యే వణుకుతుంది. పళ్ల డాక్టరుకు వణికితే ఎదుట కుర్చీలో పడుకున్నవాడు ఒళ్లంతా వణుకుతాడు. క్లినిక్ మూసేశాడు. బంధువులు దాన్ని ‘కాస్త నలత’ అన్నారు, ‘బలహీనత’ అన్నారు. నేను వణుకనే అన్నాను. ఇంకేమనాలో నాకు తెలియదు.

క్లినిక్ పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. కానీ ఆ తర్వాత నలుగురిలో తినడం మానేశాడు. ఒక విందులో చెంచా నోటిదాకా చేరేలోపు సగం చొక్కా మీద ఒలికింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అయ్యో అన్నట్టు చూశారు. అంతే, ఆ రోజు నుంచి తలుపు మూసుకుని తినడమే. పెద్దమ్మ తప్ప ఎవరూ లోపలికి వెళ్లడానికి లేదు.

“ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల నోళ్లే చూశారు, ఇకనైనా నాలుగు ఊళ్లు చూద్దాం” అని ప్రయాణం పెట్టింది పెద్దమ్మే. భూమికి అటువైపు, సముద్రం ఒడ్డున ఒక మహా ఖరీదైన హోటలు. పెదనాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: విమానంలోనైనా హోటల్లోనైనా తిండి తలుపు వెనకే. జనం ఆ టికెట్టు పరుపు కోసం కొంటారు, మర్యాద కోసం కొంటారు. మా పెదనాన్న తలుపు కోసం కొన్నాడు.

పెద్దమ్మ కోరిక ఇంకోటి. అది బయల్దేరే ముందు నా ఒక్కడితోనే చెప్పింది.

“ఆ హోటల్లో సముద్రం కనిపించే భోజనాల హాలుందిరా. నలుగురి మధ్య, బల్లకు ఈ పక్క నేను, ఆ పక్క మీ పెదనాన్న. ఒక్కపూట తింటే చాలు. సముద్రం కనిపించకపోయినా పర్లేదు.”

“ఆయన రాడు పెద్దమ్మా.”

“రాడని నాకూ తెలుసు. నువ్వా పెట్టె మీద కూర్చో, మూత పడటం లేదు.”

విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి పెద్దమ్మను వదిలేసి నన్ను అడిగింది: “ఆవిడ నాలుగడుగులైనా నడవగలరా?”

“ఆవిణ్నే అడగండి. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి” అన్నాను.

ఆ అమ్మాయి మొహం కందిపోయింది. పెద్దమ్మ నావైపు కళ్లెర్రజేసి, “నడవలేను తల్లీ. నా చెవి కమ్మ వదులైంది, కాస్త మర బిగిస్తావా” అని తల పక్కకు వంచింది. ఆ పిల్ల కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి, వంగి కమ్మ బిగించి, వెళ్లేసరికి వాళ్లిద్దరూ స్నేహితులు. నేను ఒక్కణ్నే చెడ్డవాణ్ని.

విమానం నడవాలో మామూలు చక్రాల కుర్చీ పట్టదు. దానికోసం సన్నటి కుర్చీ ఒకటి తెస్తారు. మనిషిని అందులో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, సామానులా తోసుకుంటూ పోతారు. చూసేవాళ్లు ముందు మొహం తిప్పుకుంటారు, తర్వాత ఓరకంట చూస్తారు. పెద్దమ్మ ఆ నడవా పొడవునా పనులు పంచుకుంటూ పోయింది. ఒకాయన ఒళ్లో శాలువా పడేసి మడతపెట్టమంది. ఒకావిడకు కళ్లజోడు ఇచ్చి తుడవమంది. మూడో ఆయన మందుల డబ్బా మూత తీస్తున్నాడు. నేను వెనకే వచ్చి ఒక్కొక్కటే వసూలు చేసుకున్నాను. పెదనాన్న కుడిచెయ్యి జేబులో పెట్టుకుని అందరికంటే వెనక నడిచాడు.

హోటలు గది ఆడిటోరియమంత ఉంది. వికలాంగుల కోసం ప్రత్యేకంగా కట్టించామని మేనేజరు గర్వంగా చూపించాడు. తలుపులు వెడల్పు, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు, అన్నీ బాగానే ఉన్నాయి. మంచం మాత్రం ఏనుగంత ఎత్తు. ఖరీదు పెరిగేకొద్దీ మంచం ఎత్తు పెరుగుతుందని ఎవరో ఆయనకు చెప్పినట్టున్నారు. పెద్దమ్మ కుర్చీలోంచి చూస్తే పరుపు ఆవిడ గడ్డానికి వచ్చింది.

“ఇది ఎక్కడానికి నిచ్చెన ఎక్కడుంది నాయనా?” అంది.

మేనేజరు చేతిలోని పూలగుత్తి ముందుకు చాచాడు. పెద్దమ్మ ముందు ఆ పూలగుత్తి తీసుకుంది. ఇంకేముంది, ఆయన చేతులు ఖాళీ అయ్యాయి. కాసేపటికి కోటు విప్పేసి, చొక్కా చేతులు మడిచి, ఆ పెద్దమనిషి మంచం కింద వెల్లకిలా పడుకుని మంచం కాళ్లు ఊడదీస్తున్నాడు. పెద్దమ్మ పక్కకే కుర్చీ జరుపుకుని “ఎడమకు తిప్పు, ఎడమకు” అంటోంది. బయటికి వచ్చిన మనిషి జుట్టునిండా దుమ్ముంది. కానీ వచ్చినప్పటి కంటే సంతోషంగా వెళ్లాడు.

రోజులు హాయిగా గడిచాయి. పగలు సముద్రం, సాయంత్రం తోట. భోజనం వేళకు మాత్రం పెదనాన్న గదికి చేరేవాడు. తోపుడు బండి మీద వెండి మూతలు వచ్చేవి, తలుపు మూసుకునేది. పెద్దమ్మ రోజూ మామూలుగా అడిగేది.

“ఇవాళ కిందికి వెళ్దామా?”

“నువ్వు వెళ్లు. నీకేం.”

“ఒక్కదాన్నే వెళ్లడానికి ఇంతదూరం రావాలా.”

అక్కడితో ఆగిపోయేది. ఆవిడ రెట్టించడం నేనెప్పుడూ వినలేదు.

ఆఖరి సాయంత్రం వచ్చింది. మర్నాడు తిరుగు ప్రయాణం. పెద్దమ్మ మంచి చీర కట్టుకుని, పెద్ద సంచి ఒళ్లో పెట్టుకుని, “నేను కిందికి వెళ్తున్నాను. మీకు ఇక్కడికే పంపిస్తారు” అని చెప్పి నన్ను తోయమంది. పెదనాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

హాలు నిండుగా ఉంది. మేం లోపలికి వెళ్లగానే తలలు లేచాయి. చక్రాల కుర్చీ కనిపిస్తే ఎక్కడైనా లేస్తాయి. పెద్దమ్మ సంచి తెరిచింది. పక్క బల్ల దగ్గరి ముసలి దంపతులకు చిక్కుపడ్డ ఊలు ఒకటి అందించింది. వాళ్లకు తెలుగు రాదు, ఈవిడకు వాళ్ల భాష రాదు. పని చెప్పడానికి భాషతో ఏం పని, మొహంలో అనుమానం లేకపోతే చాలు. వాళ్లు చెరో కొస పట్టుకుని దీక్షగా కూర్చున్నారు. సూటు వేసుకున్న ఒంటరి పెద్దమనిషి వాచీ పట్టీకి పిన్ను ఎక్కిస్తున్నాడు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి పూసలు గుచ్చుతోంది. వడ్డించేవాళ్లు ముందే తళతళలాడుతున్న చెంచాల్ని మళ్లీ తుడుస్తున్నారు. ఆ హాల్లో ఆవిడ వదిలేసింది పియానో వాయించేవాణ్ని ఒక్కణ్నే. వాడి రెండు చేతులూ అప్పటికే పనిలో ఉన్నాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. “పెద్దమ్మా, వీళ్లు ఇక్కడికి విశ్రాంతి కోసం వచ్చారు. నీకు ఒక్కరోజైనా ఊరుకోవడం చేతకాదా?” అన్నాను.

ఆవిడ ఇంకో ఊలు ఉండ తీస్తూ అంది: “నాకు కుర్చీ వచ్చిన కొత్తలో ఒక విందుకు తీసుకెళ్లారురా మీ పెదనాన్న. నేను రానని ఏడ్చాను. అందరూ నా కాళ్లే చూస్తారని. నిజంగానే చూశారు. అప్పుడాయన ఏం చేశారో తెలుసా?”

“ఏం చేశాడు?”

“మా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాణ్నీ నోరు తెరవమన్నారు. ‘ఏదీ, ఆ వెనక దంతం చూడనీ’ అని. నోరు తెరిచినవాడు పైకప్పు చూస్తాడు గానీ నా కాళ్లెలా చూస్తాడు? ఆ పూట నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.” ఉండ నా చేతిలో పెట్టబోయి ఆగింది. “నాకు పళ్ల వైద్యం రాదు కదా. ఏదో నాకొచ్చింది నేను చేస్తున్నాను. పైకి వెళ్లి ఆయన్ను ఒక్కసారి ఈ గుమ్మం దగ్గర నిలబడమను.”

నేను పైకి వెళ్లాను. పెదనాన్న అలాగే కిటికీ దగ్గర ఉన్నాడు.

“ఏం చేస్తోంది?” అన్నాడు.

“హాలు మొత్తాన్ని కూలికి పెట్టుకుంది. కూలి మాత్రం ఇవ్వడం లేదు.”

“నన్ను రమ్మందా?”

“లేదు. గుమ్మం దగ్గర నిలబడి చూడమంది.”

“చూసి?”

“అంతవరకే చెప్పింది.”

ఆయన లేచి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హాల్లో ఒక్క తల పైకి లేవలేదు. ముసలి దంపతులు ముడి దగ్గర వాదించుకుంటున్నారు. పూసల జంట కింద పడ్డ పూస కోసం బల్ల కిందికి దూరింది. పెదనాన్న చాలాసేపు చూశాడు. ఆయన మీసం కింద నవ్వు కదలడం నాకు కనిపించింది.

“ఇది నా విద్య” అన్నాడు. “నా దగ్గర కొట్టేసింది.”

లోపలికి నడిచి పెద్దమ్మ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ కళ్లు ఒక్క క్షణం చెమర్చాయేమో, వెంటనే రుమాలు తీసి వడ్డించేవాడికి ఇచ్చి మడతపెట్టమంది.

సూపు వచ్చింది. పెదనాన్న జేబులోంచి చెయ్యి తీశాడు. మొదటి చెంచాలో సగం నోట్లోకి, సగం బల్లమీది గుడ్డ మీదికి వెళ్లింది.

“దానికీ ఆకలేసినట్టుంది” అంది పెద్దమ్మ.

పెదనాన్న రెండో చెంచా తీశాడు. నేను కూడా మర్యాద నేర్చుకుందామని, ఆవిడ సంచిలోంచి చిక్కుపడ్డ ఊలు ఒకటి తీసుకుని, తల వంచుకుని చిక్కు తీయడం మొదలుపెట్టాను. పెద్దమ్మ బల్ల కింద నా మోకాలి మీద తట్టింది. పెదనాన్న సముద్రం వైపు తిరిగినప్పుడు నా చెవి దగ్గరికి వంగింది.

“ఆ ఊలు కింద పెట్టరా.”

“నేనూ పని చేస్తున్నాగా పెద్దమ్మా.”

“అందరూ తలలొంచుకుంటే ఆయన గదిలో తిన్నట్టే అవుతుంది. నువ్వు తలెత్తి ఆయన్నే చూస్తూ తిను. ఒలికినప్పుడు కూడా చూడు. చూసి, ఆ ఉప్పు బుడ్డి ఆయన పక్కనుంది, నీ సూపులో కాస్త చల్లమని అడుగు. ఆయనకు ఒకరు పని చెప్పి రెండేళ్లయింది. నేను చెబితే జాలనుకుంటారు, నీకు జాలి లేదని ఆయనకు బాగా తెలుసు. పైగా ఉప్పు చల్లడానికి అంతకంటే మంచి చెయ్యి ఈ హాల్లో ఇంకొకటి లేదు. అడుగు.”