పగులుబోతు

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, ఖానాపూర్ వైపు ఒక కలప డిపోలో డిప్యూటీ రేంజర్‌గా చేరాను. వచ్చిన ప్రతి టేకు దుంగకూ పొడవు, చుట్టుకొలత తీసి, సుత్తితో నంబరు కొట్టించి వేలం జాబితాలో ఎక్కించడం నా పని. ఎండకు చివర విచ్చుకున్న దుంగకు ఆ పగులు మేర పొడవు తగ్గిస్తాం. పగలకపోయినా పగిలే వాటం ఉన్నదాన్ని హమాలీలు ‘పగులుబోతు’ అంటారు, తాగుబోతు అన్నట్టు. జాబితా చివరి గడిలో ఆ మాట కనబడితే వ్యాపారులు ఆ దుంగ జోలికి రారు.

ఆ ఏడు యాకోబు అనే రైతు వచ్చాడు. వాళ్ల ఊరి చర్చి కప్పు గాలివానకు కూలింది. ఆదివారాలు తాడిపత్రి పట్టా కింద ప్రార్థన. ఆయన సంఘపెద్ద. ఒక్క దూలం కావాలి, వ్యాపారుల మీద వేలం పాడే తాహతు లేదు. నేను భైంసా దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. మంచి సరుకుకు వంక పెట్టడం నాకు నడకకంటే ముందే వచ్చింది. నిక్షేపంలాంటి దుంగ ఎదురుగా ‘పగులుబోతు’ అని రాశాను. ఎవరికీ చెప్పలేదు. వ్యాపారులు వదిలేశారు, యాకోబు ఒక్కడే తక్కువకు పాడాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దుంగ వెంట పోయే పర్మిట్ మీద ఆ మాట కూడా పోయింది. సంఘంలో చదివారు. పని ఆగిపోయిందని తెలిసి వెళ్లాను, దుంగ మంచిదేనన్నాను.

“మంచిదైతె గట్లెందుకు రాసిండ్రు సారూ?” అంది సంఘంలో మార్తమ్మ అనే ఆవిడ. “గీ పగులుబోతు కిందనా మా పోరగాండ్లను కూసోవెట్టేది?”

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. “పొరపాటయింది,” అన్నాను.

“గప్పుడా పొరపాటు, గిప్పుడా?”



చలికాలానికి సగం మంది బడి వరండాలో వేరే ప్రార్థన పెట్టుకున్నారు. యాకోబు డిపోకు వచ్చాడు. “ఎంట్రుకంత పగులన్న రాలే సారూ. చూపిస్తె, ఇంకా పగల్లే గంతే అంటున్నరు. మంచిదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి.” రాస్తే మొదటి రాత అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. చూద్దాం అన్నాను. రాయలేదు.

పూర్తి పెన్షన్‌తో రిటైరయ్యాను. ఈమధ్య అటు పోతూ చూశాను. దుంగ రాళ్ల మీద అలాగే ఉంది, చెక్కుచెదరలేదు. చర్చికి కప్పు లేదు. యాకోబు ఇప్పుడు సంఘపెద్ద కాదు. ఆయన్ను ఏ ప్రార్థనకూ ఎవరూ పిలవరు.

ఉన్న పగులును టేపుతో కొలుస్తాం. తప్పు పడితే మళ్లీ కొలుస్తాం. పగులుబోతుకు కొలత లేదు. తాగుబోతు తాగని పూట కూడా తాగుబోతే. చివరి గడిలో కంటికి కనబడిందే రాయాలి, లేకుంటే ఖాళీగా వదలాలి.