మేఘానికి కాపలా

షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదివిన ఆ రోజులు తలుచుకుంటే నాకు క్లాసులూ లైబ్రరీ ముందు గుర్తుకురావు. కొండవాలు మీద ఒక పక్కకు ఒరిగినట్టుండే మా అద్దె ఇల్లు, దాని వంటింటి కిటికీ, ఆ కిటికీ మీద పొద్దస్తమానం నసుగుతూ కురిసే వాన గుర్తుకొస్తాయి. కిటికీ కింద గట్టు మీద ఒక పింగాణీ పళ్ళెం, పళ్ళెంలో బొటనవేలంత వేప్ (పొగకు బదులు ఆవిరి పీల్చే బ్యాటరీ సిగరెట్), దాని ఒంటి మీద వెలుగుతూ ఆరుతూ ఒక చిన్న దీపం. దానికి కాపలా కాస్తూ ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను. ఇంగ్లండులో ఏం చదివావమ్మా అని ఇప్పుడెవరైనా అడిగితే ఏదో డేటా అని చెబుతాను గానీ, నేను నిజంగా శ్రద్ధ పెట్టి చూసింది ఆ దీపాన్నే.

ఆ వేప్ నాది కాదు. (మా తణుకులో అగరొత్తి పొగకే దగ్గే మనిషిని నేను.) అది నా రూమ్మేట్‌ది. హనుమకొండ పిల్ల. మామిడిపండు వాసనొచ్చే ఆవిరిని గుండెనిండా పీల్చి, ముఖం చుట్టూ తెల్లగా వదిలి, ఆ తెలుపులోంచి కలలో మనిషిలా మాట్లాడేది. అందుకే ఆమెకు మేఘం అని పేరు పెట్టాను. మేఘానికి ఉన్న చెడ్డ అలవాటు వేప్ ఒక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. దాన్ని ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కు తగిలించి, దిండు కింద పెట్టుకుని నిద్రపోయేది. ఒకరోజు దిండు గలీబు మీద ఇడ్లీ అంత గోధుమరంగు మాడిన మచ్చ కనిపించింది. సరిగ్గా ఆ వారమే, నేను పార్ట్‌టైమ్ చేసే గోడౌన్లో నాకు ఒక పూట అగ్నిప్రమాదాల శిక్షణ ఇచ్చి, వెనకాల వెండిచారలున్న పసుపు జాకెట్ తొడిగారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఆ జాకెట్ విప్పకుండానే ఇంటికొచ్చి మేఘాన్ని కూర్చోబెట్టి శాసనాలు చదివాను.

దాని వైరే దానికి వాడాలి, ఫోన్ ఫాస్ట్ చార్జర్ జోలికి పోకూడదు. పరుపులూ దుప్పట్లూ ఉన్న చోట పెట్టకూడదు, గట్టిగా చదునుగా ఉన్న చోట పెట్టాలి. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది కాబట్టి తేడా వస్తే దాన్ని ఊడదీసి పారేసే వీలుండదు, అందుకే మెలకువగా ఒక మనిషి పక్కనే ఉండి, చార్జింగ్ నిండి దీపం పచ్చబడగానే పీకెయ్యాలి. మేఘం అంతా విని, ఇది పొయ్యి మీద పాలకు కాపలా ఉన్నట్టుందే అంది. అంతే, కాకపోతే ఇవి పొంగితే తుడవడానికి గట్టు మిగలదు అన్నాను. అయితే మేఘం ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. దాంతో శాసనం చేసిన పాపానికి ఆ కాపలా నా మెడకే చుట్టుకుంది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత్తర్వాత అదొక హాయి అయిపోయింది. కిటికీలోంచి చూస్తే కింద మెట్లుమెట్లుగా ఇళ్ళ కప్పులు, వాటి మీద పొగమంచు, గదిలో దీపం వెలిగి ఆరడం. గోదావరి కాలవ గట్టున నడుస్తున్నట్టు, ఇంకెవరి జీవితమో జీవిస్తున్నట్టు ఏవేవో ఊహలు. దీపం పచ్చబడితే కాస్త దిగులేసేది కూడా.

అలా ఉండగా కాన్వొకేషన్ చూడటానికి మేఘం వాళ్ళమ్మ వస్తున్నట్టు తెలిసింది. ఆ వార్త విని మేఘం సంతోషించాల్సింది పోయి మంచమెక్కింది. వాళ్ళ నాన్న సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనిది మేఘం ఆ రోజు చెప్పింది. "అమ్మ తిట్టదే. మాట్లాడుడు బంద్ చేస్తది. నాన్నతోని గట్లనే చేసింది. ఆయన పోయినంక, చివరికి మాట్లాడకపోతినని ఇప్పటికీ ఏడుస్తది. మళ్ళ నాతోని గట్లైతే నేను తట్టుకోలేను." దుప్పటి సర్ది ఆమె పక్కన కూర్చున్నాను. అయినా శాసనం శాసనమే, గదుల్లో దాచి చార్జింగ్ పెడితే ఊరుకోనని చెప్పాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ వేపే మానేస్తానంది. నేను నమ్మాను.

ఆంటీ వచ్చారు. చీర మీద కోటు, కోటు మీద శాలువా, మొహం నిండా నవ్వు. వచ్చిన మర్నాడు మేఘం పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆ మర్నాడు నేను గోడౌన్ నుంచి వచ్చేసరికి, తల్లీకూతుళ్ళ గదిలో గోడ ప్లగ్గు నుంచి ఒక తెల్లటి వైరు బీరువా తలుపు సందులోకి దూరి ఉంది. తలుపు తీశాను. కాన్వొకేషన్‌కని ఆంటీ తెచ్చుకున్న పోచంపల్లి పట్టుచీర మడతల్లో వేప్. ముట్టుకుంటే చురుక్కుమంది. ప్లగ్గు పీకి, ఓవెన్ గ్లవ్ తొడుక్కుని దాన్ని వంటింటికి పరుగున తెచ్చి పళ్ళెంలో పెట్టాను. ఉబ్బలేదు, కరగలేదు, మా అదృష్టం. ఊపిరి పీల్చుకుని తిరిగేసరికి ఎదురుగా ఆంటీ. ఆమె వెనక గుమ్మంలో మేఘం, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గిదెవలది బిడ్డా?" అన్నారు ఆంటీ.

"నాదే ఆంటీ," అన్నాను. పసుపు జాకెట్ మీద అగ్నిరక్షణ అని ఇంగ్లీషులో అంతేసి అక్షరాలతో రాసి ఉంది. అది వేసుకునే అన్నాను.

ఇక నాతో మాట్లాడరనే అనుకున్నాను. ఆంటీ పళ్ళెం వంక చూశారు. తర్వాత స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మీ అంకుల్‌తోని కోపంల మాట్లాడుడు బంద్ పెట్టిన బిడ్డా. ఆయన నా ముంగట మానేసినట్టు ఉండి, దుకాణం కాడ తాగిండు. నేను మాట్లాడితే నాకు చెప్పుకుంటుండెనేమో. నీతోని గట్ల చెయ్య. ఒక్కసారే మానుమని అన. ఎంత పీలుస్తవో నాకు చెప్పి పీల్చు, కొద్దికొద్దిగ తగ్గిద్దాం. దాచకు. అంతే." ఆ మాటలు నాతో అంటున్నారు గానీ, అవి నన్ను దాటి ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు. గుమ్మంలో మేఘం గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి వేప్ ఆంటీ చేతిలోకి వెళ్ళింది. నా శాసనాలన్నీ అడిగి తెలుసుకుని, నాకంటే నిష్ఠగా పాటించారు. చార్జింగ్ పెట్టినప్పుడు ఫోన్ మోగినా లేచేవారు కాదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని దీపం చూసేవాళ్ళం. ఆమె అంకుల్ కబుర్లు చెప్పేవారు, పెళ్ళయిన కొత్తలో ఆయన స్కూటర్ నడుపుతూ పాడిన పాటలు, ఆ పాటల్లో తప్పులు. వానా మాటలూ కలిసిపోయి ఏది ఎప్పుడు ఆగిందో తెలిసేది కాదు. మధ్యలో నాకు పొగ యావ రాకుండా లవంగాలు చేతిలో పెట్టేవారు. లేని యావకు లవంగాలు నమిలి నమిలి నా నాలుక మొద్దుబారిపోయింది. (ఆ వారాల్లో నేను తిన్న కూరలకు రుచి ఉందో లేదో దేవుడికే తెలియాలి.)

సాయంత్రం కాగానే వేప్ నా చేతికిచ్చి, "మూడు దమ్ములు, అంతే" అని పెరట్లోకి పంపేవారు. తోడుగా మేఘం వచ్చేది. ఆంటీ కిటికీలోంచి చూసేవారు గానీ, లోపల పొయ్యి వేడికి అద్దం మసకబారి ఆమెకు మా ఇద్దరి తలలూ, పైన తెల్లటి ఆవిరీ తప్ప ఏమీ కనిపించేది కాదు. మేఘం నా భుజం చాటున వంగి పీల్చేది. ఆ ఆవిరి నాదేనని నమ్మించడానికి నేను చేతులూపి దాన్ని నా మొహం మీదికి తోసుకునేదాన్ని. మూడు రెండయ్యాయి. రెండు ఒకటైంది. వీధి చివరి దుకాణంలో ఇంకొకటి కొనుక్కోవడం మేఘానికి పెద్ద పని కాదు. కొనలేదు. ఒక సాయంత్రం పీల్చకుండానే వేప్ నా చేతిలో పెట్టేసి, "అమ్మ నాతోనే మాట్లాడుతున్నట్టుందే," అంది. దాన్ని జేబులో వేసుకున్నాను. కింద ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, ఇద్దరం తడుస్తూ నిలబడ్డాం.

కాన్వొకేషన్ అయిపోయాక ఆంటీ ఆ వేప్‌ను చెత్తబుట్టలో వెయ్యబోతుంటే అడ్డుపడ్డాను. లోపల బ్యాటరీ ఉన్నది చెత్తలో నలిగితే చెత్తబండి అంటుకుంటుందని చెప్పాను. ముగ్గురం కొండ దిగి, పాత వేప్‌లు తీసుకునే డబ్బా ఉన్న దుకాణానికి వెళ్ళాం. ఆంటీ దాన్ని డబ్బాలో జారవిడిచి, అలవాటుగా చేతులు జోడించారు. కౌంటర్ వెనకున్న అబ్బాయి ఏమనుకున్నాడో గానీ, అతనూ తలవంచాడు.

ఇప్పుడు నేను బర్మింగ్‌హామ్‌లో, మేఘం లండన్ ఈస్ట్ హామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఆంటీ అప్పుడప్పుడు మా ఇద్దర్నీ ఒకే వీడియో కాల్‌లోకి పిలుస్తారు. మళ్ళీ ముట్టలేదు కదా అని నన్ను అడుగుతారు. లేదాంటీ అంటాను. అప్పుడు ఆమె కూతురి వైపు తిరుగుతారు. "గా పిల్లను చూసి నేర్చుకో. అంత అలవాటును పట్టుబట్టి మానేసింది. నిన్ను చాయ్ తగ్గించుమంటే తగ్గిస్తలేవు." మేఘం పెదవి కొరుక్కుని, "అవునమ్మా, దాని పట్టుదల నాకెక్కడిది," అంటుంది. ఆ మెప్పును నేను తల వంచుకుని, అంతా నాదేనన్నట్టు అందుకుంటాను. ఈ జన్మలో నేను చక్కెర మానలేకపోయాను, పొద్దున్నే ఫోన్ చూడటం మానలేకపోయాను. ఎన్నడూ లేని అలవాటొక్కటి మాత్రం అందరూ మెచ్చుకునేలా మానేశాను. ఆలోచించకుండా "నాదే ఆంటీ" అనేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, దాంతోపాటు కొంచెం బెంగ కూడా. ఇప్పుడైతే ఆ మాట అనడానికి ముందు నేను ఒక్క క్షణం ఆలోచిస్తాను.