చూసినట్టు రాసిన కాగితం

తెలంగాణ రాకముందు సంగతి. సర్కారు దవాఖానలో ఊడ్చే పని మాది, పెత్తనం మాత్రం కాంట్రాక్టరుది. ఆ ఏడు కొత్తగా వచ్చినవాడు ఒక కాగితం నా చేతికిచ్చి, పన్నెండు మందీ దాని మీద సంతకాలు పెడితేనే పని ఉంటుందన్నాడు. మాలో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. అవీ యాభై దాటాక నేర్చినవి.

మర్నాడు మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సెక్కాను. పక్క సీటాయన నా కాగితంలోకి తొంగి చూస్తున్నాడు. కాంట్రాక్టరు మనిషే అనుకుని కొంగు కింద దాచాను.

"సంతకం పెడ్తున్నవా పెద్దమ్మా?"

"నీకెందుకు బిడ్డా? ఎవడు పంపిండు నిన్ను?"

ఆయన నవ్వాడు. "నేను చదివితే నమ్మవు. ఆఖరు లైను నువ్వే చదువు."

కూడబలుక్కుని చదివాను. 'కాంట్రాక్టు నకలు మాకు చూపించినారు. మేము చూసుకున్నాము.'

"చూసినవా మరి?"

"యాడ చూసిన? మాకెవడు చూపెడ్తడు!"

"గా మాటనే రాయి."

తన పెన్ను నా ఒళ్ళో పెట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఊరికే పెన్నెవడిస్తాడు? ఇందులోనూ ఏదో మతలబు ఉందనుకున్నాను. అయినా దవాఖానకు పోయి 'నకలు చూపలేదు' అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. తక్కిన పదకొండు వేలిముద్రలూ ఆ మాట కిందే పడ్డాయి.

"ఎవలు నేర్పిండ్రే ముసల్దానా?" అని కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు మీదికి లేచాడు. నేను పెన్ను కొంగున ముడేసుకున్నాను.

పనిలోంచి ఎవరినీ తీయలేదు. వారం రోజులకు నకలు గోడకు అంటించారు. మొత్తం ఇంగ్లీషులో ఉంది.

అప్పటినుంచి ఆ బస్సెక్కినప్పుడల్లా ఆయన కోసం సీట్లన్నీ చూస్తున్నాను.